డిలీట్ చేసిన పోస్టు పక్క సర్వర్‌లో ఇంకా ఎందుకు కనిపిస్తోంది?

మీరు అడిగినవి మూడు విషయాలు. మాస్టడాన్‌లో (వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లన్నీ కలిసి పనిచేసే సోషల్ నెట్‌వర్క్) మీ పోస్టుకి మీ సర్వర్‌లో 32 లైకులుంటే చెన్నైలో ఉన్న మీ ఫ్రెండ్ సర్వర్‌లో 4 మాత్రమే ఎందుకున్నాయి, కొన్ని రిప్లైలు అక్కడ ఎందుకు లేవు, మీరు తీసేసిన పోస్టు అక్కడ ఇంకా ఎందుకుంది అని. మొదటి రెండింటికీ టెన్షన్ పడకండి. మూడోదాన్ని మాత్రం వదిలేయొద్దు, ఈ రోజే దాని సంగతి చూడండి.

బెంగళూరులో కొందరం తెలుగువాళ్లం కలిసి ఒక చిన్న మాస్టడాన్ సర్వర్ నడుపుతున్నాం. అడ్మిన్ పని నేను చూస్తాను కాబట్టి ఇలాంటి ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వస్తాయి.

మీ ఫ్రెండ్‌కి కనిపించేది వాళ్ల సర్వర్ తన దగ్గర దాచుకున్న కాపీ. ఎవరైనా లైక్ కొడితే ఆ కబురు పోస్టు రాసినవాళ్ల సర్వర్‌కి వెళ్తుంది, మిగతా సర్వర్లన్నిటికీ వెళ్లదు. అందుకే అంకెల్లో తేడా. రిప్లై కూడా అంతే. రాసినవాళ్లని ఫాలో అయ్యేవాళ్లు గానీ, అందులో మెన్షన్ అయినవాళ్లు గానీ ఉన్న సర్వర్లకే చేరుతుంది. మాస్టడాన్ 4.5 నుంచి, థ్రెడ్ తెరిచినప్పుడు కనపడని రిప్లైల్ని సర్వరే వెతికి తెచ్చుకుంటోంది. పాత వెర్షన్ అయితే రిప్లై లింకు కాపీ చేసి సెర్చ్‌లో పెట్టమనండి, అదొక్కటీ వచ్చేస్తుంది.

ఇక డిలీట్ సంగతి. మా సర్వర్‌లో అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లి దగ్గర పీజీలో ఉండే ఒకమ్మాయి రూమ్మేట్ కావాలని పోస్టు పెట్టింది. కింద ఫోన్ నంబరు, పీజీ గేటు ఫోటో. రూమ్మేట్ దొరికాక పోస్టు తీసేసింది. అయినా ఫోన్లు ఆగలేదు, రాత్రి పదకొండు దాటాక కూడా. "అన్నా, డిలీట్ చేశాను కదా, నంబరు ఎక్కడ దొరుకుతోంది వీళ్లకి?" అని ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. మా సర్వర్‌లో వెతికితే పోస్టు లేదు. కాల్ చేసినవాళ్లలో ఒకరిని అడిగితే స్క్రీన్‌షాట్ పంపారు. వేరే సర్వర్‌లో, బూస్ట్ అయిన (అంటే ఎవరో షేర్ చేసిన) కాపీ, నంబరుతో సహా అలాగే ఉంది.

జరిగింది ఇదీ. తను డిలీట్ నొక్కిన సమయంలో ఆ సర్వర్ డౌన్‌లో ఉంది. డిలీట్ అంటే "ఈ పోస్టు తీసేయండి" అని మన సర్వర్ మిగతావాటికి పంపే ఒక కబురు. అవతలివాళ్లు అందుకోకపోతే, మన సర్వర్‌లో ఇలాంటి పనులు వెనకాల నడిపే సైడ్‌కిక్ అనే ప్రోగ్రామ్ దాన్ని రీట్రైలలో పెట్టి, గ్యాప్ పెంచుకుంటూ మళ్లీ మళ్లీ పంపుతుంది. మొత్తం 16 సార్లు, అంటే సుమారు రెండు మూడు రోజులు. అప్పటికీ చేరకపోతే ఆ జాబ్ పోయినట్టే, ఫెయిలైన పనులుండే డెడ్ లిస్టులో కూడా మిగలదు. పైగా ఏడు వేర్వేరు రోజులు డెలివరీ ఫెయిలైతే మన సర్వర్ ఆ సర్వర్‌ని అందుబాటులో లేనిదిగా గుర్తుపెట్టుకుని, అక్కడికి పంపడమే ఆపేస్తుంది. ఆ సర్వర్ నుంచి మనకి ఏదైనా వస్తే మళ్లీ మొదలవుతుంది. కానీ మధ్యలో పోయిన కబుర్లని ఎవరూ తిరిగి పంపరు. సర్వర్ తిరిగి లేచింది, పోస్టు దాని దగ్గరే ఉండిపోయింది.

ఇది నాకు చాలా బాధగా అనిపిస్తుంది. డిలీట్ నొక్కిన మనిషికి స్క్రీన్ మీద పోస్టు మాయమవుతుంది, ఎక్కడెక్కడ చేరలేదో ఒక్క ముక్క కూడా చెప్పదు. లైకుల లెక్క తప్పితే ఎవరికీ నష్టం లేదు. ఒక ఆడపిల్ల ఫోన్ నంబరు అలా కాదు. డెవలపర్లు ముందు చూడాల్సింది దీన్నే అని నా అభిప్రాయం.

మేం చేసింది ఇది: ఆ సర్వర్ ఎబౌట్ పేజీలో ఉన్న అడ్మిన్ మెయిల్‌కి కాపీ లింకు, మా దగ్గరి ఒరిజినల్ లింకు, అది ఇక్కడ డిలీట్ అయిందన్న సంగతి, లోపల ఫోన్ నంబరుందన్న సంగతి రాశాం. ఆయన తన వైపు కాపీని తీసేశారు. అవతలి సర్వర్ అడ్మిన్‌కి ఆ అధికారం ఉంటుంది, మనకి ఉండదు. మీకు ఇంకా తేలిక, ఫ్రెండ్ అక్కడే ఉన్నారు కదా. వాళ్ల అకౌంట్ నుంచే ఆ పోస్టుని రిపోర్ట్ కొట్టించండి, నేరుగా అక్కడి మోడరేటర్లకి వెళ్తుంది. ఈలోగా మీ అడ్మిన్‌ని, అడ్మిన్ సెట్టింగుల్లో మిగతా సర్వర్ల జాబితా ఉండే ఫెడరేషన్ పేజీలో ఆ సర్వర్ పేరు దగ్గర డెలివరీ ఫెయిల్ అవుతోందేమో చూడమనండి. అవుతుంటే, అది బాగయ్యేదాకా ఫోన్ నంబర్లూ అడ్రసులూ ఉన్న పోస్టులేవీ పెట్టొద్దని మీ సర్వర్‌లో అందరికీ చెప్పమనండి.