మామూలు బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు 'సపోర్ట్ ఇస్తాం' అంటే అసలు ఏం చేస్తారు?

మీ బాబు రెండో తరగతి అన్నారు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని, ధ్యాస నిలవడం లేదని అసెస్‌మెంట్‌లో తేలిందన్నారు. దగ్గర్లోని మామూలు బడి వాళ్లు 'చేర్చుకుంటాం, సపోర్ట్ ఇస్తాం' అన్నారని, ఆ మాట నమ్మాలా లేక ప్రత్యేక బడే మేలా అని అడిగారు. నేను చాలా ఏళ్లు మామూలు బడిలో క్లాస్ టీచర్‌గా చేసి, తర్వాత ట్రైనింగ్ తీసుకుని అదే బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్‌ని అయ్యాను. రెండు పనులూ చేసిన అనుభవంతో చెబుతున్నాను. కాస్త పెద్ద సమాధానమే, ఓపిగ్గా చదవండి.

సపోర్ట్ అనగానే తల్లిదండ్రులు ముందు అడిగేవి రెండు: రిసోర్స్ రూమ్ (ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే గది) ఉందా, పక్కన కూర్చునే షాడో టీచర్ ఉంటారా. రెండూ పనికొచ్చేవే. కానీ లెక్క వేసి చూడండి. రిసోర్స్ రూమ్‌కి వారానికి మూడు నాలుగు పీరియడ్లు పంపుతారు. మిగతా వారమంతా బాబు ఉండేది మామూలు క్లాసులోనే. అక్కడ క్లాస్ టీచర్ ఏం చేస్తున్నారన్నదే అసలు సపోర్ట్. ఇది నాకు ఎవరో చెబితే తెలియలేదు, తప్పు చేసి తెలుసుకున్నాను.

అప్పుడు నాది నాలుగో తరగతి. చదవడం బాగా కష్టమైన ఒక పాప ఉండేది. బడి వాళ్లు ఆ పాప కోసం ఒక సహాయకురాలిని పెట్టారు, పిల్లలంతా అక్క అని పిలిచేవారు. అక్క మంచి మనిషి, పాపంటే ప్రాణం. రోజూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. పాప నోట్‌బుక్ ముత్యాల్లా ఉండేది, హోమ్‌వర్క్ ఎప్పుడూ బాకీ లేదు. ఈ పాప గురించి ఇక టెన్షన్ లేదని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒకరోజు అక్క సెలవు పెట్టింది. బోర్డు మీద తీసివేతలు రాసి వెనక్కి తిరిగాను. పిల్లలందరూ బోర్డు చూస్తున్నారు, ఆ పాప ఒక్కతే పక్కనున్న ఖాళీ కుర్చీని చూస్తోంది. చేతిలో పెన్సిల్ ఉంది, కదలడం లేదు. దగ్గరికి వెళ్తే నోట్‌బుక్ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. మెల్లగా చెయ్యి తీయించి చూస్తే తేదీ తప్ప ఏమీ లేదు. ముందు పేజీల్లో ఉన్న లెక్క ఒకటి మళ్లీ చేయమన్నాను. నిన్న రైట్ మార్కు పడిన లెక్కే, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. అక్షరాలు పాపవే, ఆలోచన మొత్తం అక్కది. అయిదు నెలల్లో నేను ఆ పాపతో హాజరు పిలవడం తప్ప నేరుగా ఎన్నిసార్లు మాట్లాడానో ఆ రోజు కూర్చుని గుర్తు చేసుకుంటే వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో 2003 నుంచి 2009 దాకా సహాయకుల పాత్ర మీద పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. సహాయకుల దగ్గర ఎక్కువ సేపు గడిపిన పిల్లలు, అలాంటి ఇబ్బందులే ఉండి తక్కువ సాయం అందిన పిల్లల కంటే చదువులో తక్కువ ముందుకెళ్లారని అందులో తేలింది. సహాయకులు మంచివాళ్లు కాకపోవడం దానికి కారణం కాదు. సహాయకులు వచ్చాక పిల్లలకు టీచర్‌తో గడిపే సమయం తగ్గిపోయింది. పైగా నేర్పడం కంటే చేతిలో ఉన్న పని పూర్తి చేయించడం మీదే ఎక్కువ దృష్టి పడింది. చాలా ఏళ్ల తర్వాత ఆ సంగతి చదివినప్పుడు అచ్చంగా నా క్లాసే కళ్ల ముందు కనిపించింది.

అప్పుడు మేం మార్చింది చిన్న విషయమే. పాఠం చెప్పి పని ఇచ్చాక మొదటి అయిదు నిమిషాలు నేను పాప దగ్గర కూర్చునేదాన్ని, ఆ అయిదు నిమిషాలూ అక్క మిగతా క్లాసు చూసుకునేది. అక్కకు ఒక వరస చెప్పాను. ముందు ఆగాలి, మనసులో పది లెక్కపెట్టాలి. అప్పటికీ కదలకపోతే 'తర్వాత ఏం చేయాలి?' అని అడగాలి. అదీ కాకపోతే చిన్న క్లూ. చివరికి వేరే లెక్క ఒకటి చేసి చూపించాలి. పాప పెన్సిల్ మాత్రం ముట్టుకోకూడదు. మొదటి రెండు వారాలు నోట్‌బుక్ చూస్తే ఏడుపొచ్చేది, అంత గందరగోళంగా ఉండేది. పాప వాళ్లమ్మ కూడా కంగారుపడి వచ్చారు. ఆ గందరగోళమే పాప సొంత పని అని ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది.

అందుకే మీకు షాడో టీచర్ ఇస్తామంటే సంతోషించండి, కానీ ఆమె ఎప్పుడెప్పుడు పక్కకు జరుగుతారో కూడా అడగండి.

ఇక రాతపూర్వకంగా ఉండాల్సింది ఐఈపీ, అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా తయారుచేసే విద్యా ప్రణాళిక. 1975లో అమెరికా చేసిన చట్టం ఇలాంటి ప్రణాళికను తప్పనిసరి చేసింది. తర్వాత చాలా దేశాల్లో వేర్వేరు పేర్లతో ఇదే పద్ధతి వచ్చింది. కాగితం ఉండటం ఒక్కటే చాలదు, అందులో ఏం రాశారో చదవండి. 'చదవడంలో మెరుగుపడాలి' అని ఉంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు, సంవత్సరం చివర ఏం చూసి మెరుగైందంటాం? 'మూడు నెలల్లో ఒత్తులున్న ఇరవై పదాల్లో పదహారు తప్పు లేకుండా చదవాలి, వారానికి మూడుసార్లు ఫలానా టీచర్ చేయిస్తారు, నెలకోసారి చూస్తాం' అని ఉంటే అది ప్రణాళిక. ఇంకొక మాట. ఆ కాగితం బీరువాలో ఫైల్లో ఉందా, క్లాస్ టీచర్ టేబుల్ మీద ఉందా అన్నది చూడండి. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని అయ్యాక పన్నెండు పేజీల రిపోర్టును ఒక్క పేజీకి కుదించి, సబ్జెక్ట్ టీచర్లందరి పుస్తకాల్లో అతికించడం మొదలుపెట్టాను. పన్నెండు పేజీలు చదివే తీరిక ఏ టీచర్‌కూ ఉండదు.

క్లాసులో ఏం జరగాలో మీ బాబు సంగతే తీసుకుని చెబుతాను. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు బోర్డు చూసి ఎక్కించుకోవడం నరకం. ఒక అక్షరం చూసి తల దించుతారు, రాసి తల ఎత్తేసరికి ఎక్కడున్నారో పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. క్లాసంతా పాఠం వింటుంటే వీళ్లు ఇంకా రెండో లైను దగ్గరే ఉంటారు. ముందే ప్రింట్ చేసిన కాగితం చేతికిస్తే ఈ కష్టం సగం పోతుంది. చదివేటప్పుడు లైను జారిపోకుండా కింద అట్టముక్క పెట్టుకోనివ్వాలి. అందరి ముందు హఠాత్తుగా లేపి చదవమనకూడదు. చదివించాలనుకుంటే రేపు ఈ పేరా నీది అని ముందురోజే చెప్పాలి. నా క్లాసులో ఒక బాబు అలా ముందురోజు పేరా తీసుకెళ్లి, మర్నాడు లేచి నిలబడి చదివాడు. కూర్చున్నాక చెమట పట్టిన చేతులు నిక్కరుకు తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

తెలుగు చదవడంలో వీళ్లకొచ్చే చిక్కు విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్ కోసం తయారైన మెటీరియల్‌లో ఇది ఉండదు. మ-య, ప-ష లాంటి పోలిక ఉన్న అక్షరాలు తారుమారు కావడం అందరూ గమనించేదే. అంతకంటే కష్టం ఒత్తులతో. 'శక్తి' అని రాసి చూడండి. గుడి క మీద ఉంటుంది, త ఒత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు ఆ 'ఇ' త తర్వాత వస్తుంది. కంటికి కనిపించే వరస వేరు, నోటితో పలికే వరస వేరు. అందుకే ఈ పిల్లలు 'శకిత' అని చదువుతారు. నిజానికి వాడు కనిపించింది కనిపించినట్టే చదివాడు. దాన్ని అశ్రద్ధ అని తిడితే ఏం లాభం? నేను ముందు నోటితో చప్పట్లు కొట్టిస్తూ శక్-తి అని విడగొట్టిస్తాను, తర్వాత అక్షరాల బిళ్లలతో పేర్పిస్తాను, ఆ తర్వాత ఇసుక పళ్లెంలో వేలితో పలుకుతూ రాయిస్తాను. కన్ను, చెవి, చెయ్యి కలిపి నేర్పే ఈ దారి 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టర్, ఆనా గిలింగ్‌హామ్ అనే టీచర్ ఇంగ్లిష్ కోసం వేసింది. మన లిపికి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు, నాకు బాగానే పనిచేసింది.

ధ్యాస నిలవని పిల్లలకు ఒకేసారి నాలుగు పనులు చెప్పకూడదు. పుస్తకం తియ్యమనాలి, తీశాక పేజీ చెప్పాలి. కిటికీ, తలుపు పక్కన కాకుండా టీచర్‌కు దగ్గరగా కూర్చోబెట్టాలి. మధ్యలో లేచి తిరగడానికి బోర్డు తుడవడం, నోట్‌బుక్‌లు పంచడం లాంటి పనేదో ఇవ్వాలి. ఆటిజం ఉన్న పిల్లలకైతే రోజులో ఏది తర్వాత ఏదో బొమ్మల పట్టిక గోడ మీద ఉండాలి, ఏదైనా మారుతుంటే ముందే చెప్పాలి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానాలి. చూపు సరిగా లేనివాళ్ల కోసం రాసేదంతా పైకి చదువుతూ రాయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. క్లాస్ టీచర్ మనసు పెట్టాలి, అంతే.

పరీక్షల్లో అదనపు సమయం, చదివిపెట్టేవాళ్లు, స్క్రైబ్ (పిల్లవాడు చెబితే రాసిపెట్టేవాళ్లు) లాంటివి ఇస్తే 'మిగతా పిల్లలకు అన్యాయం కాదా' అని సాటి తల్లిదండ్రులే అడిగారు నన్ను. చరిత్ర పరీక్షలో మనం చూసేది చరిత్ర తెలుసా అని. ఎంత వేగంగా రాస్తాడన్నది కాదు. అదనపు సమయం జవాబు తెలియనివాడికి జవాబు తెచ్చిపెట్టదు, తెలిసినవాడు రాయగలిగేలా చేస్తుంది. వీటిని అడగడానికి మీరు మొహమాటపడొద్దు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం అందరితో కలిసి చదువుకోవడాన్ని, దానికి కావాల్సిన తగిన సర్దుబాట్లను హక్కుగానే చెప్పింది. అంతకుముందే 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని, మామూలు బడులు పిల్లలందరినీ చేర్చుకునేలా మారాలని ప్రకటించారు. బడి వాళ్లు 'మీ అబ్బాయి కోసం మేం ఇంత చేస్తున్నాం' అన్న ధోరణిలో మాట్లాడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. గొడవ పడమని కాదు, చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం లేదని.

మరి ప్రత్యేక బడి సంగతి? అది తక్కువదని నేను ఎప్పుడూ అనను. సైగ భాషలో పెరగాల్సిన పిల్లలకు అదే భాష మాట్లాడే తోటి పిల్లలు కావాలి. పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా సైగ భాష నేర్పడాన్ని, బధిరుల భాషా గుర్తింపును ప్రత్యేకంగా ప్రస్తావించింది. రోజంతా దగ్గరుండి చూసుకోవాల్సిన పిల్లల కుటుంబాలు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలను కూడా నేను గౌరవిస్తాను. కానీ మీరు రాసిన దాన్ని బట్టి మీ బాబుకు మామూలు బడే సరైన చోటని నా అభిప్రాయం. క్లాసులో పైన చెప్పినవి జరుగుతాయనుకుంటేనే సుమా.

బడికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌తో, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో మాట్లాడి వచ్చేయకండి. క్లాస్ టీచర్‌ని కలవాలని పట్టుబట్టండి. 'ఇలాంటి పిల్లలు ఇప్పటికే ఉన్నారా? పేరు వద్దు, నిన్న లెక్కల పీరియడ్‌లో ఆ పిల్లవాడు ఏం చేశాడో చెప్పండి' అని అడగండి. వెంటనే వివరంగా చెబితే ఆ పిల్లవాడు ఆమె కళ్లలో ఉన్నట్టు. 'అది రిసోర్స్ టీచర్ చూసుకుంటారు' అన్న జవాబొస్తే కాస్త ఆలోచించండి. పై తరగతికి మారినప్పుడు ఈ టీచర్ ఆ టీచర్‌కు ఎలా అప్పజెబుతారో కూడా అడగండి. ఏడాదంతా కష్టపడి కట్టింది కొత్త క్లాసు మొదటి వారంలోనే కూలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రిసోర్స్ రూమ్‌కి ఏ పీరియడ్‌లో తీసుకెళ్తారన్నది తప్పకుండా అడగండి. ఆటల పీరియడ్, బొమ్మల పీరియడ్ అయితే ఒప్పుకోకండి. ఇందులో నేను రాజీపడను. రోజంతా తనకు రానిదాంతోనే కుస్తీ పట్టే పిల్లవాడికి వచ్చిన ఒక్క పనినీ లాక్కుంటే వాడికి బడి మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంట్లో మీరు రెండో బడి పెట్టొద్దు. రోజూ పదిహేను నిమిషాలు టీచర్ చెప్పినదే చేయించండి, చాలు. దాంతోపాటు రాత్రి మీరే పుస్తకం చదివి వినిపించండి, వాడు చదవగలిగే పుస్తకం కాదు, వాడి వయసుకు తగ్గది. డిస్లెక్సియాకూ తెలివికీ సంబంధం లేదు. చదవలేనంత మాత్రాన కథలూ కొత్త మాటలూ వాడికి అందకుండా పోకూడదు.

నా నాలుగో తరగతి పాప గురించి చెప్పడం ఆపేశాను కదా. ఆ ఏడాది చివర్లో ఒక రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, 'టీచర్, అక్కని ఇవాళ వేరే బెంచీ దగ్గర కూర్చోమనండి, నేను చేసుకుంటా' అంది. అక్క నా వైపు చూసి కుర్చీ తీసుకుని వెళ్లింది. పది లెక్కల్లో నాలుగు తప్పులొచ్చాయి. మిగతా ఆరూ తనే చేసింది.

మీ బాబు అసెస్‌మెంట్ రిపోర్ట్ చివర్లో సిఫార్సుల పేజీ ఉంటుంది. దాన్ని జిరాక్స్ తీసుకెళ్లి క్లాస్ టీచర్ చేతికివ్వండి. అన్నీ ఒకేసారి అడగకుండా, వీటిలో ఏ రెండు సోమవారం నుంచి మొదలుపెట్టగలరో ఆమెనే ఎంచుకోమనండి. ఏం చెప్పారో ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.