పాత ఎస్‌యూవీ ఇంజిన్ చెడిపోతే బాధ్యత కొన్నవారిదా, అమ్మినవారిదా?

ప్రశ్న: మాది ఖమ్మం. హైదరాబాదులో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల డీలరు దగ్గర 2014 మోడల్ డీజిల్ ఎస్‌యూవీని రూ.7.40 లక్షలకు సొంత వాడకానికి కొన్నాను. సింగిల్ ఓనర్ బండి అని, సర్వీసు అంతా షోరూంలోనే జరిగిందని, 82 వేల కిలోమీటర్లే తిరిగిందని, ఇంజిన్‌కు ఇంకో రెండు లక్షల కిలోమీటర్ల వరకు ఢోకా లేదని డీలరు వాట్సాప్‌లో రాశారు. నాలుగు నెలలకు, ఆరు వేల కిలోమీటర్లు తిరగకముందే, సూర్యాపేట దగ్గర ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుండడం చూసినా, ముందు మెకానిక్ షెడ్డు ఉంటుందని కొంత దూరం నడిపాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ, దాని పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని, ఇంజిన్ విప్పాలని, రూ.2.30 లక్షలు అవుతుందని అంటున్నారు. కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగితే, 2021లోనే ఈ బండి 1.31 లక్షల కిలోమీటర్లు తిరిగినట్లు రికార్డు ఉంది. డీలరు మాత్రం పాత బండి బాగోగులు మెయింటెనెన్స్‌ను బట్టి ఉంటాయని, నా చేతికి వచ్చాక ఏం జరిగినా నాదే బాధ్యత అని, డెలివరీ నోట్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ తీసుకుంటున్నట్లు సంతకం చేశానని, తాము మధ్యవర్తులమేనని అంటున్నారు. నేను ఆయిల్ మార్పించింది ఊళ్లో మెకానిక్ దగ్గర. బిల్లు లేదు. నాకు చట్టప్రకారం దారి ఉందా?

జవాబు: ఉంది. పాత బండి నమ్మకంగా నడవడం దాన్ని చూసుకున్న తీరును బట్టి ఉంటుందని డీలరు అన్న మాట నిజమే. అయితే పదేళ్లు దాటిన బండి విషయంలో ఆ మాట మీ నాలుగు నెలలతో మొదలు కాదు. అంతకుముందు గడిచిన ఏళ్లన్నీ అందులోకి వస్తాయి. ఆ ఏళ్లలో బండిని ఎలా చూసుకున్నారో మీకు చెప్పింది డీలరే కనుక, ఆయన ఏం చెప్పారు, అది నిజమా కాదా అన్నదే మీ కేసుకు మూలం.

ముందుగా చట్టం సంగతి. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, అమ్మిన సరుకు నాణ్యతకు సాధారణంగా అమ్మినవారి పూచీ ఉండదు, కొనేవారే చూసుకోవాలి. దీనికి మినహాయింపు వ్యాపారికి వర్తిస్తుంది. ఆ రకం సరుకును అమ్మడమే వృత్తిగా ఉన్న వ్యక్తి దగ్గర, అతని నైపుణ్యాన్ని నమ్మి, ఏ అవసరానికో తెలియజేసి కొన్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు కాగితం మీద రాయకపోయినా ఉన్నట్లే. మీరు ఇదే బండిని ఒక ఇరుగుపొరుగు వ్యక్తి దగ్గర కొని ఉంటే మీ స్థితి చాలా బలహీనంగా ఉండేది. వినియోగదారుల కమిషన్‌కు కాక సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. అలాగని పాత బండి కొత్తదానిలా నడవాలని ఏ న్యాయస్థానమూ అనదు. వయసుకు, ధరకు, చెప్పిన కిలోమీటర్లకు తగినట్లు నడవాలన్నంతవరకే మీరు కోరగలరు. కొనేముందు మీరు బండిని పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో మామూలుగా బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయడానికీ వీలుండదు. టైర్ల అరుగుదల, క్లచ్ బరువు, సస్పెన్షన్ చప్పుడు అలాంటివి. ఇంజిన్ లోపల నీళ్ల దారులు పూడిపోయి ఉండడం టెస్ట్ డ్రైవ్‌లో కనబడేది కాదు.

ఇక్కడే మీ కేసులో అసలు పని ఉంది. ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోవడానికి కారణాలు అనేకం, వాటిలో కొన్ని నిదానంగా ముదిరేవి, కొన్ని ఒక్కరోజులో వచ్చేవి. కూలెంట్ పోయాల్సిన చోట ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లోనూ, ఇంజిన్ బ్లాకు లోపలి దారుల్లోనూ సుద్ద పేరుకుంటుంది, తుప్పు పడుతుంది. అది నాలుగు నెలల్లో అయ్యే పని కాదు. ఆయిల్‌ను సమయానికి మార్చని ఇంజిన్‌లో వాల్వు కవరు కింద నల్లటి జిగురులా మడ్డి గడుతుంది. అదీ ఆరు వేల కిలోమీటర్లలో తయారయ్యేది కాదు. దీనికి భిన్నంగా, నీళ్ల గొట్టం పగలడం, ఫ్యాను ఆగిపోవడం, వాటర్ పంపు హఠాత్తుగా పోవడం వంటివి ఎవరి చేతిలో ఉన్నప్పుడైనా జరగవచ్చు, వాటికి డీలరును బాధ్యుణ్ని చేయడం కష్టం. కాబట్టి ‘ఇంజిన్ పోయింది’ అన్న మాటతో మీ ఫిర్యాదు నిలబడదు. ఏ భాగం, ఏ కారణంతో, ఎంతకాలంగా చెడుతూ వచ్చి పోయిందో చెప్పే నిపుణుడి నివేదిక దానికి తోడుండాలి.

అందుకే, నేను మిమ్మల్ని అన్నిటికంటే గట్టిగా కోరేది ఒకటే: ఇంజిన్‌ను ఇప్పుడే విప్పించకండి. చాలామంది కోపంలోనో, బండి అవసరంలోనో ముందు రిపేరు చేయించి తర్వాత వకీలు దగ్గరికి వస్తారు. అప్పటికి సాక్ష్యం పాత ఇనుము దుకాణానికి చేరి ఉంటుంది. డీలరుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, ఫలానా తేదీన ఫలానా చోట ఇంజిన్ విప్పుతున్నామని, వచ్చి చూసుకోవచ్చని తెలియజేయండి. ఆయన రాకపోయినా ఫరవాలేదు, పిలిచినట్లు రుజువు ఉంటే చాలు. ఆటోమొబైల్ ఇంజినీరు సమక్షంలో విప్పించి, మొత్తం వీడియో తీయించి, రేడియేటర్‌లోని నీటిని, ఇంజిన్‌లోని ఆయిల్‌ను సీసాల్లో సీలు చేయించి, తీసేసిన భాగాలను మీ దగ్గరే ఉంచుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 ప్రకారం, పరీక్ష లేకుండా లోపం తేల్చలేని సందర్భంలో కమిషనే సరుకును తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించగలదు. ఆ ఖర్చును ముందుగా మీరు కట్టాలి. లోపం ఉందని నిరూపించే భారం ఫిర్యాదిదే అన్నది స్థిరపడిన సూత్రం.

మీటరు విషయానికి వస్తే, అది మీ చేతిలోని అత్యంత బలమైన కాగితం. 2021లో 1.31 లక్షలు తిరిగిన బండి ఆ తర్వాత 82 వేలు చూపడం దానంతటది జరగదు. ఆ మీటరును తిప్పింది డీలరా, పాత ఓనరా అన్నది తేల్చనక్కరలేకుండానే మీరు ఉపశమనం కోరవచ్చు. ఎందుకంటే 2019 చట్టంలోని సెక్షన్ 2(47) సరుకు ప్రమాణం, నాణ్యతల గురించి తప్పుడు ప్రకటన చేయడాన్నే అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. సరైన పరీక్ష జరపకుండా సరుకు పనితీరుకో, మన్నికకో హామీ ఇవ్వడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. ‘రెండు లక్షల కిలోమీటర్ల వరకు ఢోకా లేదు’ అన్న వాట్సాప్ సందేశం ఏ పరీక్ష ఆధారంగా పంపారో చెప్పాల్సింది డీలరే. ఆ సందేశాలను చెరపకుండా, ఫోను మార్చకుండా ఉంచి, భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోరే ధ్రువీకరణతో దాఖలు చేయండి. సర్వీసు సెంటరు రికార్డు ప్రతిని ఇవ్వనంటే, కమిషన్‌కు పత్రాలు తెప్పించే అధికారం ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫిర్యాదును మోసం అన్న ఆరోపణతో నింపవద్దు. తీవ్రంగా వివాదాస్పదమైన వాస్తవాలు, మోసం వంటి ఆరోపణలు ఉన్న వ్యవహారాలను సంక్షిప్త విచారణ జరిపే వినియోగదారుల కమిషన్ తేల్చజాలదని సిటీ యూనియన్ బ్యాంక్ కేసులో 2023లో సుప్రీంకోర్టు అన్నది. డీలరు వకీలు ఆ తీర్పునే ముందు పెడతారు. లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు మాటల మీద ఫిర్యాదును నిలపండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 (మోసం) కింద పోలీసు ఫిర్యాదు ఇచ్చే హక్కు మీకు ఉన్నా, అక్కడ మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉన్నట్లు రుజువు కావాలి. మీ డబ్బు తిరిగి రావడానికి అది దగ్గరి దారి కాదు.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు గురించి ఎక్కువ బెంగ అవసరం లేదు. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 62 ప్రకారం, చట్టం ఊహించే షరతులను పార్టీలు ఒప్పందంతో తొలగించుకోవచ్చు కనుక ఆ సంతకానికి కొంత బలం ఉన్న మాట వాస్తవమే. అయితే అది డీలరు నోరారా చెప్పిన తప్పుడు మాటను ఒప్పు చేయదు. ఉన్నది 82 వేల కిలోమీటర్ల బండి అని చెప్పి ఇచ్చారు, మీరు ఉన్నట్టుగా తీసుకున్నది ఆ బండినే. మధ్యవర్తి వాదనకు జవాబు కాగితాల్లో దొరుకుతుంది. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లింది, రసీదు ఎవరిచ్చారు అన్నవి చూడండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2022 డిసెంబరులో తెచ్చిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత బండ్ల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి, ఓనరు బండిని డీలరుకు అప్పగించిన సంగతిని ఫారం 29సీలో రవాణా శాఖకు తెలియజేయాలి. ఆ ఫారం ఉంటే బండి డీలరు ఆధీనంలోనే ఉన్నట్లు రుజువు. లేకుంటే నిబంధన పాటించకపోవడం ఆయన మీదికే వస్తుంది.

ఇక మీ వైపు బలహీనతలు. ఆయిల్ మార్పుకు బిల్లు లేకపోవడం చిన్న లోటే; మెకానిక్ ప్రమాణ పత్రం, యూపీఐ చెల్లింపు, ఆయిల్ డబ్బా కొన్న రసీదు ఏదున్నా పనికొస్తుంది. బయటి మెకానిక్ దగ్గర చేయించారన్న ఒక్క కారణంతో మీ హక్కు పోదు. ముల్లు పైకి పోతున్నా బండి నడపడం మాత్రం అలా కొట్టిపారేయదగినది కాదు. భారతీయ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ ప్రకారం, నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు దాన్ని తగ్గించుకునే వీలు మీకు ఎంతవరకు ఉందో కూడా చూస్తారు. గ్యాస్కెట్‌తో ఆగాల్సిన నష్టం మీరు నడిపినందువల్ల సిలిండర్ హెడ్ వంగేదాకా పోయిందని నిపుణుడు చెబితే, ఆ మేరకు పరిహారం తగ్గవచ్చు. ఈ సంగతిని ఫిర్యాదులో దాచకండి. క్రాస్ పరీక్షలో బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది.

బండిని తయారుచేసిన కంపెనీని ప్రతివాదిగా చేర్చవద్దు. దాని వారంటీ ఎప్పుడో తీరిపోయింది. 2019 చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం (లోపమున్న సరుకు వల్ల కలిగిన హానికి తయారీదారు బాధ్యత) కింద అడుగుదామన్నా, సరుకుకే జరిగిన నష్టాన్ని ‘హాని’ నిర్వచనం నుంచి సెక్షన్ 2(22) స్పష్టంగా మినహాయించింది.

మీరు చెల్లించిన ధర రూ.50 లక్షల లోపే కనుక జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలును 2019 చట్టం ఇచ్చింది కాబట్టి హైదరాబాదు తిరగనక్కరలేదు, ఖమ్మంలోనే వేయండి. ధర రూ.5 లక్షలు దాటి రూ.10 లక్షల లోపు ఉన్నందున రుసుము రూ.200. కారణం తలెత్తిన తేదీ నుంచి రెండేళ్ల గడువు ఉన్నా, ఇంజిన్ సాక్ష్యం అన్నాళ్లు ఆగదు. ముందుగా 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో నమోదు చేస్తే, కొందరు డీలర్లు ఆ దశలోనే రాజీకి వస్తారు. ప్రధానంగా వడ్డీతో సహా పూర్తి ధర తిరిగి ఇప్పించి బండిని వెనక్కు తీసుకోమని కోరండి. అది కుదరని పక్షంలో ప్రత్యామ్నాయంగా రిపేరు ఖర్చు రూ.2.30 లక్షలు, దాంతోపాటు 82 వేల కిలోమీటర్ల బండికీ, లక్షన్నర దాకా తిరిగిన అదే మోడల్ బండికీ మార్కెట్లో ఉండే ధర తేడా అడగండి. ఆ తేడాను వాహనాల విలువ కట్టే సర్వేయరుతో రాయించి నోటీసుకే జతచేయండి.