‘రెండు రెట్లు అదనంగా’ అంటే ఎంత?

సందేహం: సంక్రాంతికి ముందు మా లారీ ఆఫీసులో ఒక నోటీసు అంటించారు: “పండుగ సెలవు రోజులలో పనిచేసిన డ్రైవర్లకు రోజు జీతానికి రెండు రెట్లు అదనంగా ఇవ్వబడును.” రోజు జీతం 700 రూపాయలు అనుకుంటే, ఆ రోజుకు 1,400 రావాలా, 2,100 రావాలా? పనిగంటలు, పనివేళలు ఒకటేనా? ‘పండగ’ అని రాస్తే తప్పా?
– ఒక పాఠకుడు, ఆకివీడు

సమాధానం: వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే 2,100. ‘అదనం’ అంటే ఉన్నదానిపైన వచ్చేది. 700 ఉండనే ఉంది, దానిపైన రెండు రెట్లు 1,400. రాసినవారి ఉద్దేశం మొత్తం 1,400 అయితే ‘రెట్టింపు’ అన్న ఒక్క మాట చాలు. రెట్టి అంటేనే రెండింతలు, ‘రెండు’కూ దానికీ మూలం ఒకటే. అడిగిందే మళ్లీ అడిగితే ‘రెట్టించి అడిగాడు’ అంటాం. కాలక్రమంలో ‘రెట్లు’ మూడు, నాలుగు, పది పక్కన కూడా చేరి ‘ఇంతలు’ అన్న అర్థంలో స్థిరపడింది. కాబట్టి ‘రెండు రెట్లు’ తప్పు కాదు. దాని పక్కన ‘అదనంగా’, ‘ఎక్కువ’ చేరినప్పుడే లెక్క తకరారుకు వస్తుంది.

ఆ ‘అదనంగా’ ఎందుకు పడిందో ఊహించవచ్చు. నెల జీతంలో సెలవు రోజు జీతం కలిసే ఉంటుంది. దానిపైన ఇంకో రోజు జీతం ఇస్తే ఆ రోజుకు రెట్టింపు ఇచ్చినట్టే. మన రాష్ట్రంలో 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం చెప్పింది కూడా రెట్టింపే. అది కాకపోతే ఆ రోజు వేతనంతో పాటు, వేతనం కోత పడని మరో సెలవు ఇమ్మంది.

‘ఇవ్వబడును’ను మాత్రం నేను ఒప్పుకోను. ఎవరిస్తారో ఆ క్రియ చెప్పదు. బండి ఒకరిది, సరుకు ఒకరిది, బుకింగ్ మరొకరిది అయినప్పుడు డ్రైవరు ఎవరిని అడగాలి? ‘సెలవు రోజు’ కూడా తేలలేదు. భోగి రాత్రి చేపల ట్రేలకు ఐసు వేసుకుని హౌరా బయలుదేరిన లారీ కనుమ నాడు ఇంకా దారిలోనే ఉండవచ్చు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, కానీ చేపకు ఆ సామెత వర్తించదు! బయలుదేరిన రోజుకే రెట్టింపా, దారిలో గడిచిన ప్రతి సెలవుకూనా అన్నది రాసి తీరాలి. డ్రైవరు కష్టార్జితం ఒక మాట దగ్గర తెగ్గోసుకుపోకూడదు.

పనిగంటలు, పనివేళలు ఒకటి కావు. ఎంతసేపు పనిచేశారో చెప్పేవి పనిగంటలు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో చెప్పేవి పనివేళలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. అది రోజుకు 8 పనిగంటలు, వారానికి 48 అంది. మధ్యలో విశ్రాంతితో కలిపి ఆ పని మామూలుగా 12 గంటల వ్యవధిలో ముగియాలంది. ఆ 8 పనిగంటలకూ, ఈ 12 గంటల పనివేళలకూ ఒకే మాట వాడితే తగువు తప్పదు.

పండగ, పండుగ రెండూ సరైనవే.

నోటీసు ఇలా మార్చమనండి: “సెలవు రోజున బండి నడిపినా, బండితో దారిలో ఉన్నా, డ్రైవరుకూ క్లీనరుకూ నెల జీతం కాక, అలాంటి ప్రతి సెలవుకూ ఇంకో రోజు జీతం బండి యజమాని ఇస్తారు. బత్తా దీనిలో కలవదు.”