సేబన్, బ్రయంట్, రాబిన్సన్: టైటిళ్లు లెక్కపెడితే సరిపోదు

మీ అబ్బాయి అలబామా యూనివర్సిటీలో చేరినప్పటి నుంచి ఇంట్లో అమెరికన్ ఫుట్‌బాల్ తప్ప వేరే మాట లేదని రాశారు. అక్కడ కోచ్‌లుగా పనిచేసిన ఇద్దరిలో నిక్ సేబన్‌కు 7 జాతీయ టైటిళ్లు, అంతకుముందు తరం బేర్ బ్రయంట్‌కు 6, కాబట్టి సేబనే గొప్ప అని మీ అబ్బాయి వాదన. వేర్వేరు కాలాల కోచ్‌ల లెగసీని ఇలా పోల్చడం న్యాయమేనా అని మీ ప్రశ్న.

నేను 2011 నుంచి 2016 దాకా ఆ యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలోనే చదువుకున్నాను. అక్కడున్న ఐదేళ్ళలో ఈ వాదన వినని వారం లేదు. నా జవాబు ముందే చెప్పేస్తాను. జట్టును తయారుచేయడం, గెలిపించడం వరకే అయితే మీ అబ్బాయి మాటే నిజం, సేబన్‌ను మించినవాళ్ళు లేరు. కానీ మీరు లెగసీ అన్నారు. అంటే మనిషి వెళ్ళిపోయాక వెనక మిగిలేది. అందులో నా దృష్టిలో అందరికంటే పైనున్నది ఆ ఇద్దరూ కాదు. లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరి కాలేజీలో 57 ఏళ్ళు ఒకే చోట పనిచేసిన ఎడ్డీ రాబిన్సన్.

నేను టస్కలూసాలో దిగింది ఆగస్టులో. అంతకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్ 27న, పెద్ద టోర్నడో ఊరిని చీల్చుకుంటూ పోయింది. ఫిఫ్టీన్త్ స్ట్రీట్ మీద వెళ్తుంటే ఒక చోట నుంచి చెట్లు ఉండవు, ఇళ్ళు ఉండవు, పునాదుల సిమెంటు మాత్రం మిగిలి ఉండేది. ఊరి మధ్యలో నాగలి పెట్టి చాలు తీసినట్టు. ఆ ఏడాది జట్టు గెలవడం ఊరికి ఎంత అవసరమో, ఫుట్‌బాల్ అంటే గుండ్రటి బంతి అనుకుంటూ వచ్చిన మా నలుగురు తెలుగు కుర్రాళ్ళకు మొదట తెలియలేదు. 2012 జనవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఫైనల్‌లో ఎల్ఎస్‌యూను (లూసియానా స్టేట్ యూనివర్సిటీని) 21-0తో ఓడించిన రాత్రి రోడ్ల మీదికి వచ్చిన జనాన్ని చూశాక తెలిసింది. ముసలివాళ్ళు కూడా ఏడుస్తున్నారు. సేబన్ దంపతుల ఛారిటీ ఆ తర్వాత ఇళ్ళు కట్టించే హ్యాబిటాట్ అనే సేవా సంస్థతో కలిసి, యూనివర్సిటీ గెలిచిన ఒక్కో జాతీయ టైటిల్‌కు ఒక్కో ఇల్లు చొప్పున టోర్నడోలో ఇళ్ళు పోయినవాళ్ళకు కట్టించింది. ఆ ఇళ్ళు ఇప్పటికీ సేబన్ లెగసీలో భాగమే అని నేను నమ్ముతాను.

ఇక ఆయన కోచింగ్. సేబన్ పేరు చెప్పగానే అందరూ 'ప్రాసెస్' అంటారు. దాని మొదలు 1998లో ఉంది. అప్పుడాయన మిషిగన్ స్టేట్ కోచ్. నంబర్ వన్ ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్‌తో వాళ్ళ మైదానంలోనే మ్యాచ్. మిషిగన్ స్టేట్‌లోని సైకియాట్రీ ప్రొఫెసర్ లయొనెల్ రోజెన్ సలహాతో కుర్రాళ్ళకు ఒకటే చెప్పారు: స్కోరు చూడొద్దు, గెలుపు గురించి ఆలోచించొద్దు, ఒక్కో ప్లేను, అంటే బంతి కదిలిన ప్రతిసారి ఆడే ఒక్కో ఎత్తును, ఒక్కో మ్యాచ్ అనుకుని ఆడండి, అయిపోగానే మర్చిపోండి. ఆ రోజు 28-24తో గెలిచారు. మనం ఎంసెట్‌కు చదివే పిల్లలకు 'ర్యాంకు సంగతి తర్వాత, ముందు ఈ లెక్క చెయ్యి' అంటామే, అదే మాట. తేడా ఏమిటంటే, ఆయన ఆ మాటను పాతికేళ్ళ పాటు రోజూ అమలు చేశారు.

ధైర్యం చూడాలంటే 2018 జనవరి 8 నాటి ఫైనల్ చూపించండి మీ అబ్బాయికి. జార్జియా మీద సగం ఆట అయ్యేసరికి 0-13తో వెనకబడి ఉన్నారు. రెండు సీజన్లుగా గెలిపిస్తున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు) జేలెన్ హర్ట్స్‌ను పక్కన కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగొవైలోవాను దింపారు. ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలుపు. నేను అప్పటికి డల్లాస్ వచ్చేశాను. ఫోన్‌లో పాత రూమ్మేట్లం ముగ్గురం ఒకేసారి అరుస్తున్నాం, ఎవరు ఏమంటున్నారో ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు 7, 6 లెక్కకు వద్దాం. ఈ రెండు అంకెలు ఒకే తక్కెడలో తూగవు. బ్రయంట్ కాలంలో ఫైనల్ అనేదే లేదు. విలేకరులు, కోచ్‌లు ఓట్లు వేసి ఛాంపియన్‌ను తేల్చేవారు. 1964లో అలబామాకు ఓట్లతో టైటిల్ ఇచ్చేశాక, సీజన్ చివర ఆడే 'బౌల్' మ్యాచ్‌లో టెక్సస్ చేతిలో ఓడిపోయారు. టైటిల్ మాత్రం అలాగే ఉంది. 1973లోనూ అంతే, కోచ్‌ల ఓటింగ్‌లో టైటిల్ వచ్చాక నోటర్ డేమ్ మీద 23-24తో ఓటమి. 1966లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుకు మాత్రం టైటిల్ రాలేదు! సేబన్ ఏడింటికీ ఆఖరి మ్యాచ్ ఆడి గెలిచారు. అందులో మొదటిది, 2003లో ఎల్ఎస్‌యూతో గెలిచినది, యూఎస్‌సీతో (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీతో) పంచుకోవాల్సి వచ్చిందనుకోండి. పైగా బ్రయంట్ పనిచేసిన కాలంలో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్‌లకు జాతీయ స్థాయి పరిమితి లేదు. మంచి ఆటగాణ్ణి తనకు అవసరం లేకపోయినా పక్క జట్టుకు పోకుండా తెచ్చుకుని పెట్టుకునే అవకాశం ఉండేది. 1973లో 105కు పరిమితి పెట్టారు, తర్వాత 95, తొంభైల్లో 85. సేబన్‌కు ఆ 85 మందే. వాళ్ళలోనూ బాగా ఆడేవాళ్ళు మూడేళ్ళకే ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్ళిపోతారు. అందుకే సేబనే గట్టి కోచ్ అన్నాను. బ్రాడ్‌మన్ గొప్పా సచిన్ గొప్పా అంటే మనం సగటు చూసి ఆగిపోం కదా, పిచ్‌లు, బౌలర్లు, ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు అన్నీ అడుగుతాం. ఇక్కడా అలాగే అడగాలి.

అయితే ఆ ఊళ్ళో బ్రయంట్ స్థానం అంకెలకు అందేది కాదు. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడి పేరు బ్రయంట్. ఆ కోచ్ చనిపోయిన ఆరేళ్ళకు పుట్టాడు. వాళ్ళ నాన్న పట్టుబట్టి ఆ పేరు పెట్టారట. ఇలా ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళ కోసం క్యాంపస్‌లోని బ్రయంట్ మ్యూజియం ప్రత్యేకంగా ఒక కలయిక నిర్వహిస్తుంది, మావాడు కూడా వెళ్ళేవాడు. 1982 డిసెంబర్ 29న 323వ గెలుపుతో ఆట నుంచి తప్పుకుని, సరిగ్గా 28 రోజులకు 1983 జనవరి 26న బ్రయంట్ కన్నుమూశారు. టస్కలూసా నుంచి బర్మింగ్‌హామ్ శ్మశానం దాకా హైవే పొడవునా జనం నిలబడ్డారు. తన దగ్గర ఆడినవాళ్ళ పిల్లలకు చదువు సాగాలని ఆయన పెట్టిన స్కాలర్‌షిప్ నిధి ఆయన తర్వాత కూడా నడిచింది. ఇదీ లెగసీ అంటే.

కానీ అక్కడే నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. నేను రోజూ క్లాసుకు వెళ్ళే దారిలో ఫాస్టర్ ఆడిటోరియం ఉండేది. 1963 జూన్ 11న ఇద్దరు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోనివ్వనంటూ గవర్నర్ జార్జ్ వాలెస్ అడ్డంగా నిలబడింది ఆ గుమ్మంలోనే. అప్పటికి బ్రయంట్ మొదటి టైటిల్ గెలిచి రెండేళ్ళు కాలేదు. 1961, 1964, 1965 టైటిళ్లు మొత్తం తెల్లవాళ్ళ జట్లతో గెలిచినవే. 1970 సెప్టెంబర్‌లో యూఎస్‌సీ జట్టు బర్మింగ్‌హామ్ వచ్చి 42-21తో ఓడించిందని, ఆ రోజు శామ్ కనింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రాడి ఆట చూశాకే అలబామా మారిందని అందరూ చెప్పుకుంటారు. నిజానికి అప్పటికే విల్బర్ జాక్సన్ స్కాలర్‌షిప్ మీద చేరి ఉన్నాడు. నిబంధనల ప్రకారం మొదటి ఏడాది ఆడటానికి వీల్లేక స్టాండ్స్‌లో ఉన్నాడంతే. 1971 నుంచి జాన్ మిచెల్‌తో మొదలుపెట్టి నల్లజాతి ఆటగాళ్ళు మైదానంలోకి దిగారు. బ్రయంట్ ఆ మార్పు తెచ్చారు, అది ఆయన ఖాతాలో వేయాల్సిందే. కానీ ఆ రాష్ట్రంలో గవర్నర్ తర్వాత అంత పలుకుబడి ఉన్న మనిషి ఇంకా ముందే నోరు విప్పి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆ సంగతి నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఒక వంటింటి మనిషి. క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి 20 గంటలు పనిచేసేవాణ్ణి. అక్కడ హెడ్ కుక్ అరవై దాటిన నల్లజాతి పెద్దాయన, లూసియానా మనిషి. మ్యాచ్ ఉన్న శనివారాలు తెల్లవారుజామునే శాండ్‌విచ్‌లు కట్టే పని ఉండేది. బ్రెడ్ మీద మాంసం, చీజ్ పెట్టి, కాగితం మూలలు లోపలికి మడిచి, రెండు వైపులా తిప్పి చుట్టాలి. నేను చుట్టినవి ఊడిపోయేవి. ఒకరోజు ఆయన నా చేతిలోది తీసుకుని, విప్పి, మళ్ళీ చుట్టి చూపించి, "బస్సులో ఆరు గంటలు కుదుపులకు ఆగాలి అబ్బాయ్, కోచ్ రాబ్ ఇలా చుట్టేవారు" అన్నారు. కోచ్ రాబ్ ఎవరో నాకు తెలియదు. పెద్దాయన చేతులు ఆపకుండానే చెప్పారు. వాళ్ళ అన్న అరవైల్లో గ్రాంబ్లింగ్‌లో ఆడాడు. బయటి ఊరికి మ్యాచ్‌కు వెళ్తే దారిలో హోటళ్ళు నల్లవాళ్ళను లోపలికి రానిచ్చేవి కావు. అందుకని రాబిన్సన్ బయల్దేరే ముందే పిల్లలకు శాండ్‌విచ్‌లు చేసి బస్సెక్కించేవారు.

ఆ రాత్రి నేను కూర్చుని చదివాను. రాబిన్సన్ కౌలు రైతు కొడుకు. 1941లో, 22 ఏళ్ళ వయసులో గ్రాంబ్లింగ్‌కు కోచ్‌గా వచ్చారు. మైదానంలో గడ్డి కోయడం, సున్నపు గీతలు గీయడం, కుర్రాళ్ళ చీలమండలకు పట్టీలు వేయడం, మ్యాచ్ అయ్యాక పత్రికకు వార్త రాసి పంపడం అన్నీ ఆయనే. రెండో సీజన్‌లో ఆయన జట్టు మీద ఎవరూ ఒక్క పాయింటు కూడా చేయలేకపోయారు. 1997లో తప్పుకునేనాటికి 408 గెలుపులు, ఆయన దగ్గర నుంచి ప్రొఫెషనల్ లీగ్‌లకు వెళ్ళినవాళ్ళు 200 మందికి పైగా. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ ఆయన శిష్యుడే.

వాళ్ళలో బక్ బుకానన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అతను పెరిగింది బర్మింగ్‌హామ్‌లో, బ్రయంట్ జట్టు పెద్ద మ్యాచ్‌లు ఆడే లీజియన్ ఫీల్డ్ స్టేడియం ఉన్న ఊళ్ళోనే. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. సొంత రాష్ట్రపు యూనివర్సిటీ అతన్ని తీసుకోదు కాబట్టి లూసియానా వెళ్ళి రాబిన్సన్ దగ్గర ఆడాడు. 1963 సీజన్ కోసం ఏఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జరిపిన డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే చోట, అందరికంటే ముందు పిలిచింది అతని పేరే. అతను ప్రొఫెషనల్‌గా ఆడటం మొదలుపెట్టిన ఏడాదే వాలెస్ ఆ గుమ్మంలో నిలబడ్డాడు.

మరో సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. అలబామా లాంటి పెద్ద జట్ల తలుపులు తెరుచుకున్న తర్వాత, రాబిన్సన్ దగ్గరికి రావాల్సిన మంచి ఆటగాళ్ళు అటు వెళ్ళడం మొదలైంది. న్యాయం జరిగినకొద్దీ ఆయన జట్టు బలం తగ్గింది. చివరి మూడు సీజన్లలో ఆయన గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. అంకెలు మాత్రమే చూసేవాళ్ళకు అది వయసు మీద పడిన కోచ్ తడబాటులా కనిపిస్తుంది. నాకు అలా కనిపించదు.

మిగతావాళ్ళ గురించి క్లుప్తంగా. నోటర్ డేమ్ కోచ్ క్నూట్ రాక్నీ 105 గెలిచి 12 మాత్రమే ఓడారు, 1931లో 43వ ఏట విమాన ప్రమాదంలో పోయారు; అంత చిన్న వయసులో ఆగిపోయిన జీవితాన్ని దీర్ఘకాలం పనిచేసినవాళ్ళతో పోల్చడం నాకు ఇష్టం ఉండదు. నెబ్రాస్కా టామ్ ఆస్బోర్న్ అంటే చాలా గౌరవం. 1984 ఆరెంజ్ బౌల్‌లో మయామీ మీద ఒక్క పాయింటు కిక్‌తో మ్యాచ్ టై చేసుకుంటే టైటిల్ దాదాపు చేతిలో ఉన్నట్టే. ఆయన గెలవడానికే ఆడి రెండు పాయింట్లకు ప్రయత్నించి, 30-31తో ఓడారు. మొదటి టైటిల్ కోసం మరో పదకొండు సీజన్లు ఆగారు. పెన్ స్టేట్ జో పటర్నో 409 గెలుపులు రాబిన్సన్‌కంటే ఒకటి ఎక్కువ. కానీ ఆయన పాత అసిస్టెంట్ పిల్లల మీద చేసిన అఘాయిత్యాలు బయటపడ్డాక 2011లో ఆయన్ను తొలగించారు. 111 గెలుపులు రికార్డుల్లోంచి తీసేశారు, 2015లో తిరిగి కలిపారు. కలిపినంత మాత్రాన నా మనసులో అవి తిరిగి చేరలేదు. ఆ పిల్లల ముందు ఏ గెలుపూ నిలబడదు.

2016లో చదువు ముగించి, కారు నిండా సామాన్లతో ఐ-20 మీద డల్లాస్‌కు బయల్దేరాను. గ్రాంబ్లింగ్ ఆ దారిలోనే ఉంటుంది. ఎగ్జిట్ తీసుకుని ఎడ్డీ రాబిన్సన్ మ్యూజియానికి వెళ్ళాను. బయటికి వచ్చాక పార్కింగ్‌లో నిలబడి, మ్యూజియం ఫోటో ఒకటి టస్కలూసాలోని పెద్దాయనకు పంపించి, "408, మీరు చెప్పినట్టే" అని రాశాను. బండి స్టార్ట్ చేసేలోపే జవాబు వచ్చింది: "వాటిలో కొన్ని మా అన్నవి."