బసూన్ విద్యార్థికి ఏ పుస్తకాలు ముందు అవసరం?

మీ అమ్మాయి రెండేళ్లుగా బసూన్ (పొడవైన గొట్టంలా ఉండి గంభీర స్వరం పలికే గాలి వాయిద్యం) నేర్చుకుంటోందని, సంగీత కళాశాల ప్రవేశానికి ఆడిషన్ ఇవ్వాలనుకుంటోందని రాశారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నొటేషన్ సరిపోతుందా, పుస్తకాలు కొనాలంటే వేటితో మొదలుపెట్టాలి అని అడిగారు. పుస్తకాలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు. కొద్ది పుస్తకాలనే సరైన క్రమంలో, చివరి పేజీ వరకు సాధన చేయడం వల్లనే ఈ వాయిద్యం పట్టుబడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఆమె వాయించేది జర్మన్ పద్ధతి బసూనా, ఫ్రెంచ్ పద్ధతి బసూనా అన్నది ఉపాధ్యాయుణ్ణి అడిగి నిర్ధారించుకోండి. ప్రపంచంలో ఎక్కువ మంది జర్మన్ వాయిద్య తయారీదారు హెకెల్ తీర్చిదిద్దిన జర్మన్ పద్ధతినే వాడుతున్నారు. రెండింటికీ ఫింగరింగ్ (ఏ స్వరానికి ఏ వేళ్లు వాడాలన్నది) వేరు కాబట్టి, ఫ్రెంచ్ బసూన్ కోసం రాసిన పాఠ్యగ్రంథంలోని స్వరరచనలను జర్మన్ బసూన్‌పై వాయించవచ్చు గానీ, అందులోని ఫింగరింగ్ చార్టు మాత్రం ఆమెకు పనికిరాదు.

జర్మన్ పద్ధతిలో నేటికీ మొదటి స్థానం జూలియస్ వైసెన్‌బోర్న్‌దే. లైప్‌జిగ్‌లో బసూన్ వాద్యకారుడిగా, ఆచార్యుడిగా పనిచేసిన ఆయన పాఠ్యగ్రంథం 1887లో వెలువడింది. దానితోపాటు ఓపస్ 8గా (ఓపస్ అంటే స్వరకర్త రచనకు ఇచ్చే సంఖ్య) వచ్చిన ఎట్యూడ్‌లు, అంటే అభ్యాస కృతులు, రెండు భాగాలు: మొదటిది ప్రారంభకులకు, రెండవది ముందుకు సాగినవారికి. పాఠాల క్రమం ఎంత చక్కగా ఉన్నా, పాత ముద్రణల్లోని ఫింగరింగ్ చార్టును మాత్రం యథాతథంగా నమ్మవద్దు. కొన్ని మధ్యస్థాయి స్వరాలు పగలకుండా పలకడానికి ఎడమ బొటనవేలితో పై కీలను క్షణకాలం తాకే పద్ధతిని, విస్పర్ కీ (ఎడమ బొటనవేలితో నొక్కే, చిన్న రంధ్రాన్ని మూసే కీ) వాడకాన్ని, హాఫ్‌హోల్ (వేలితో రంధ్రాన్ని కొంతమేర మాత్రమే మూయడం) కొలతను ఉపాధ్యాయుని దగ్గర, ఆమె వాయిద్యంపైనే నేర్చుకోవాలి.

తల్లిదండ్రులు గమనించడం కష్టమైన విషయం మరొకటి ఉంది. బసూన్ సంగీతం ప్రధానంగా బేస్ క్లెఫ్‌లో (క్లెఫ్ అంటే ఏ గీతపై ఏ స్వరం ఉంటుందో చెప్పే గుర్తు) ఉంటుంది గానీ, స్వరాలు పైకి వెళ్లిన కొద్దీ టెనర్ క్లెఫ్‌లోకి మారుతుంది. మూడు ఆక్టేవులకు మించిన పరిధి గల ఈ వాయిద్యానికి ఒక్క క్లెఫ్‌తో రాస్తే అదనపు గీతలు పేరుకుపోయి చదవడం దుర్లభమవుతుంది. చాలామంది విద్యార్థులు టెనర్ క్లెఫ్‌ను వాయిదా వేస్తూ, స్వరాల పేర్లు పెన్సిలుతో రాసుకుని నెట్టుకొస్తారు. ఆడిషన్‌లో ముందుగా చూడని పేజీని చదివి వాయించమన్నప్పుడు అక్కడే తడబడతారు. ఓపస్ 8 మొదటి భాగంలోనే టెనర్ క్లెఫ్ అభ్యాసాలు ఉన్నాయి. ఆమె వాటిని దాటవేసి ఉంటే, కొత్త పుస్తకమేదీ కొనకముందే వెనక్కి వెళ్లి పూర్తి చేయించండి.

ఆ తరువాత బసూన్ వాద్యకారుడు, స్వరకర్త లుడ్విగ్ మిల్డే. ఆయన ఓపస్ 24లోని ఇరవై ఐదు అభ్యాసాలు స్కేళ్లు (స్వరాల ఆరోహణ అవరోహణలు), ఆర్పెజియోలను (తీగ స్వరాలను ఒకదాని తర్వాత ఒకటిగా వాయించడం) అన్ని శ్రుతులలో స్థిరపరుస్తాయి. ఓపస్ 26లోని యాభై కచేరీ ఎట్యూడ్‌లలో వేళ్ల వేగంతోపాటు పాడినట్టు సాగే సంగీతముంది. ఎట్యూడ్ అడిగే చోట్ల తరచుగా వినిపించేవి ఇవే. వీటిలో ఒక్కదాన్ని నెమ్మదైన లయలో, తప్పు లేకుండా, శ్వాస ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టుకుని వాయించగలగడం, పది ఎట్యూడ్‌లను పైపైన ముగించడం కంటే విలువైనదని నా అభిప్రాయం.

కచేరీ కృతుల విషయంలో డబ్బు ఖర్చు చేయక తప్పదు. మొజార్ట్ 1774లో రాసిన బి ఫ్లాట్ మేజర్ కన్సెర్టో (ఒక వాయిద్యం ముఖ్యంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే కృతి) దాదాపు ప్రతి ఆడిషన్‌లోనూ ఎదురవుతుంది. ఆయన స్వహస్త ప్రతి నేడు లభ్యం కాదు కాబట్టి, ఏ స్వరాలను కలిపి పలకాలి, వేటిని విడదీయాలి అన్న గుర్తులు ముద్రణను బట్టి మారుతుంటాయి. పాత ఎడిషన్లలో సంపాదకులు తమకు తోచినవి చేర్చినవీ ఉన్నాయి. మూలాధారాలను పరిశీలించి, సంపాదకుడి చేర్పులను వేరుగా చూపే ఉర్‌టెక్స్ట్ ఎడిషన్‌ను, పియానో భాగంతో సహా కొనండి. పియానో భాగం చదివితేనే తన విరామాల్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలుస్తుంది. ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ తన చివరి ఏడాది 1921లో బసూన్, పియానోల కోసం రాసిన సొనాటా ఆ తరువాతి మెట్టు.

ఉచిత నొటేషన్ సంగతికి వస్తే, వైసెన్‌బోర్న్ 1888లోనూ, మిల్డే 1913లోనూ మరణించారు. అందువల్ల వారి మూల రచనల పాత ముద్రణలు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పి (ఉచిత నొటేషన్ల ఆన్‌లైన్ గ్రంథాలయం) వంటి చోట్ల చట్టబద్ధంగా దొరుకుతాయి. స్పష్టంగా ఉన్న స్కాన్‌ను ఎంచుకుని ముద్రించుకుంటే చాలు. ఇటీవలి సంపాదకుల ఎడిషన్లకూ, ఆధునిక స్వరకర్తల రచనలకూ హక్కులు వర్తించవచ్చు, వాటిని కొనే వాడాలి.

ఆర్కెస్ట్రా ఉద్యోగం లక్ష్యమైతే, బీథోవెన్ నాలుగవ సింఫనీ చివరి భాగం, చైకోవ్‌స్కీ ఆరవ సింఫనీ ఆరంభం, స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి సోలో వంటి ఖండికలు (ఆర్కెస్ట్రా కృతుల్లో బసూన్ వాయించే చిన్న భాగాలు) నేర్వాలి. ఖండికల సంకలనం ఒక్కటే కాక, పూర్తి బసూన్ భాగాన్ని, వీలైతే మొత్తం స్కోరును ముందుంచుకుని రికార్డింగ్ వినమనండి. ఒక ఆర్కెస్ట్రాలో బసూన్ స్థానాలు సాధారణంగా రెండు నుంచి నాలుగు మాత్రమే కనుక ఖాళీలు అరుదు. చాలామంది వాద్యకారులు బోధనతోనే జీవనం సాగిస్తారు. ఇప్పుడు ఆమె శ్రద్ధగా పూర్తి చేసే పాఠ్యగ్రంథమే రేపు తన విద్యార్థుల ముందు ఉంచవలసి వస్తుంది కాబట్టి, ఉపాధ్యాయుడు సూచించిన ఫింగరింగ్‌లనూ, శ్వాస గుర్తులనూ ఆ పేజీల్లోనే తేదీతో రాసుకోమని చెప్పండి.