మూడు సెన్సర్లూ మార్చాలా?

ప్రశ్న: నాది 2017 చివర్లో కొన్న బీఎస్-4 పెట్రోల్ కారు. ఈమధ్య పొల్యూషన్ టెస్టులో ఫెయిలయింది. స్లిప్పులో ఐడ్లింగ్‌లో సీఓ 1.1, హెచ్‌సీ 180, లాంబ్డా 0.96 అని ఉంది. మైలేజీ కూడా తగ్గింది. ఇంజిన్ లైటు వెలుగుతోంది. బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పీ0131, పీ0420 అనే కోడ్లు వచ్చాయి. ఒక గ్యారేజీలో ముందు, వెనక ఆక్సిజన్ సెన్సర్లు రెండూ, కూలెంట్ టెంపరేచర్ సెన్సరూ మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు వింటేనే టెన్షన్ వచ్చింది. సెన్సర్లు తెప్పించుకుని నేనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మార్చుకోవచ్చండీ. కానీ ఆర్డరు మాత్రం ఇంకా పెట్టకండి. మీరు స్లిప్పులో అంకెలు రాసి పంపడం నా పని సగం తగ్గించింది. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ‘ఫెయిలయింది సార్, ఏం మార్చాలి’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది.

బీఎస్-4 పెట్రోల్ కారుకి ఐడ్లింగ్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం దాటకూడదు. ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూసేటప్పుడు సీఓ 0.2 లోపు, లాంబ్డా 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. లాంబ్డా అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ల లెక్క. ఒకటైతే సరిపాళ్లు, తగ్గితే పెట్రోలు ఎక్కువ. మీ సీఓ మూడు రెట్లు దాటిపోయింది, లాంబ్డా ఒకటికంటే తక్కువుంది. అంటే ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతోంది. హెచ్‌సీ హద్దులోనే ఉంది కాబట్టి మిస్సింగ్ (మధ్యమధ్యలో పెట్రోలు అంటుకోకపోవడం) లేదు. ప్లగ్గులు, కాయిళ్ల జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

ఇక స్కానర్ సంగతి. పీ0131 అంటే ముందు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ తక్కువగా ఉందని. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి ఈ సెన్సర్ సుమారు 0.1 నుంచి 0.9 వోల్టు మధ్య ఆడుతుంది. వోల్టేజీ తగ్గితే పెట్రోలు చాలట్లేదని అర్థం. మరి సైలెన్సర్ చివర ప్రోబ్ పెడితే పెట్రోలు ఎక్కువైందని వచ్చింది కదా! ఒకే పొగ గురించి ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబుతున్నారు. టెస్టు మిషన్‌ని నమ్మితే, సెన్సర్ తప్పు చెబుతుండాలి, లేదా దాని ముక్కు దగ్గరికి బయటి గాలి చేరుతుండాలి. జలుబు చేసినవాడు కూరలో ఉప్పు లేదంటే వంటమనిషి ఇంకో చెంచా వేసినట్టు, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మీ మైలేజీ పోయింది అక్కడే.

కాబట్టి ముందు గాలి సంగతి తేల్చండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంజిన్‌లోంచి పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ గొట్టాల దగ్గర చెవి పెట్టి వినండి. ‘టక్ టక్’మని చప్పుడు వచ్చినా, ప్యాకింగ్ చుట్టూ నల్లటి మసి కనిపించినా అక్కడ లీకు ఉన్నట్టే. పొగ బయటికి వచ్చే దారిలోనే మధ్యమధ్యలో గాలి లోపలికీ పోతుంది. సెన్సర్ ఆ గాలిని చూసి మోసపోతుంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కొత్త సెన్సర్ పెట్టినా అదే కోడ్ మళ్లీ వస్తుంది. ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది.

లీకు లేదనుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో ముందు సెన్సర్ వోల్టేజీ గ్రాఫ్ పెట్టి, న్యూట్రల్‌లో ఒక్కసారి గట్టిగా రేస్ ఇవ్వండి. బాగున్న సెన్సర్ 0.8 పైకి ఎగరాలి. మీది 0.1 దగ్గరే పడుకుని ఉంటే కప్లర్ ఊడదీసి, పిన్నులకు పచ్చ తుప్పు పట్టిందేమో, వైరు సైలెన్సర్‌కి తగిలి కాలిందేమో చూడండి. అవీ బాగుంటే ఇక ఆ సెన్సర్ మార్చాల్సిందే.

కూలెంట్ సెన్సర్‌ని ఎందుకు మార్చమన్నారో నాకు అంతుపట్టలేదు. దాని కోడే లేదు! పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. రాత్రంతా ఆగి ఉన్న కారుకి పొద్దున్నే తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, కూలెంట్ టెంపరేచరూ లోపలికెళ్లే గాలి టెంపరేచరూ పక్కపక్కన చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. గుంటూరు పొద్దుట్లో మైనస్ 40 అని చూపిస్తే వైరు తెగినట్టు. తర్వాత కారు తిప్పితే సుమారు 85–95 డిగ్రీలకు చేరాలి. అరవై దాటి పైకి రాకపోతే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్‌ని అనుమానించండి. మన వైపు ఎండలకు భయపడి కొందరు మెకానిక్కులు ఆ వాల్వ్ పీకి పారేస్తారు. ఇంజిన్ ఎప్పటికీ సరిగా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీఎం పెట్రోలు పెంచుతుంది. వాల్వ్ పీకేసి సెన్సర్ మార్చమనే వాళ్ల మీద నాకు మహా కోపం.

వెనక సెన్సర్‌ని వదిలేయండి. పెట్రోలు లెక్క ఎక్కువగా ముందు సెన్సర్‌దే. వెనకది ముఖ్యంగా పొగలోని విషవాయువుల్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ పనితీరుకి కాపలా. పీ0420 ఆ కన్వర్టర్ గురించే. అతిగా పెట్రోలు వెళ్తున్నప్పుడు ఆ కోడ్ రావడం వింత కాదు. ముందు సంగతి సరిచేసి, కోడ్లు చెరిపి, కొన్నాళ్లు తిప్పాక మళ్లీ వస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా ఎవరైనా కన్వర్టర్ పీకేసి ఖాళీ గొట్టం వేస్తామంటే ఒప్పుకోకండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాతదాన్ని కొనేవాళ్లు కాచుకుని ఉంటారు. మీకేమో సీఓ ఎప్పటికీ కిందికి దిగదు.

ఇక మార్చే పని. పాత సెన్సర్ మీద ఉన్న నంబరు చూసి అదే నంబరుది కొనండి. విజయవాడ ఆటోనగర్‌లో వెతికినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. వైర్లు కోసి అతికించుకునే రకం వద్దు. చాలా సెన్సర్లు పొగతో పోల్చి చూసుకోవడానికి బయటి గాలిని వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి, టంకం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. మరల దగ్గర తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నాననివ్వండి. చాలా కార్లకు 22 ఎంఎం స్పానర్ పడుతుంది. వైరు పోవడానికి పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరికితే పని సుళువు. ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే మర తేలిగ్గా వదులుతుంది, కాగి ఉన్నప్పుడు చెయ్యి పెడితే తోలు ఊడుతుంది. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండు పెట్టండి. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పి ఎక్కించండి. మర అడ్డంగా ఎక్కితే మానిఫోల్డే పాడవుతుంది. మరలకు రాసే గ్రీజు చాలావాటికి కంపెనీలోనే రాసి ఉంటుంది. లేకపోతే మరలకే రాయాలి, ముక్కుకి అంటకూడదు. సిలికాన్ గమ్ము ఆ దరిదాపుల్లో వాడకండి, దాని ఆవిరికే సెన్సర్ చస్తుంది. చేతిలోంచి జారి నేల మీద పడిన సెన్సర్‌ని కూడా నమ్మకండి, లోపల ఉన్నది పింగాణీ.

వీడియోల్లో కోడ్లు చెరిపాక ఇన్ని మైళ్లు తిప్పాలి, మానిటర్లు (కారు తనను తాను చెక్ చేసుకునే పరీక్షలు) రెడీ అవ్వాలి అని చెబుతుంటారు. అది అమెరికాలో చాలా రాష్ట్రాల పద్ధతి, అక్కడ టెస్టులో స్కానరే పెడతారు. మన దగ్గర కొలిచేది సైలెన్సర్‌లోంచి వచ్చే పొగని. కన్వర్టర్ వేడిగా ఉండటమే ముఖ్యం. హైవే మీద మంగళగిరి దాకా వెళ్లి వచ్చి, ఇంజిన్ ఆపకుండా నేరుగా టెస్టుకి పెట్టండి. ఇంట్లోంచి పక్క బంకుకి వెళ్లి ఫెయిలై వచ్చేవాళ్లు బోలెడు మంది.

ప్రశ్న: మాది బీఎస్-4 డీజిల్ కారు. పొగ ఎక్కువని పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. మాక్కూడా ఆక్సిజన్ సెన్సరేనా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కాదమ్మా. డీజిల్‌కి సీఓ, లాంబ్డా చూడరు, పొగ చిక్కదనం చూస్తారు. బీఎస్-4కి హద్దు 1.62. ముందు ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత టర్బో గొట్టాలు ఎక్కడైనా చిట్లాయేమో చూపించండి. గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము పడితే దానికని అమ్మే స్ప్రేతోనే కడగాలి, గుడ్డ పెట్టి తుడవనివ్వకండి. ఈ టెస్టులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఇంజిన్‌ని అరిపిస్తారు. మీ బండికి టైమింగ్ బెల్టు ఉండి, మార్చాల్సిన గడువు దాటి ఉంటే, ముందు అది మార్పించి తర్వాతే టెస్టుకి తీసుకెళ్లండి.