టెక్ సందేహాలు: బ్లూరే ప్లేయర్‌లో హెచ్‌డీ డీవీడీ ఎందుకు ఆడదు?

ప్రశ్న: తక్కువ ధరకు దొరికాయని పాత హెచ్‌డీ డీవీడీ సినిమాలు కొన్నాను. బ్లూరే ప్లేయర్‌లో పెడితే ఒక్కటీ ఆడటం లేదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందా? వీటికోసం వేరే ప్లేయర్ కొనాలా?

జవాబు: అప్‌డేట్‌తో పని జరగదు. హెచ్‌డీ డీవీడీ అంటే బ్లూరేకు పోటీగా వచ్చి ఆగిపోయిన మరో రకం డిస్కు. అడ్డంకి లెన్స్ దగ్గరే ఉంది. రెండు రకాల డిస్కులనూ చదివేది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. అయితే బ్లూరేలో డేటా పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు కిందే ఉంటుంది. హెచ్‌డీ డీవీడీలో మామూలు డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. పొర పైకి ఉండటం వల్ల బ్లూరే లెన్స్ కాంతిని మరింత చిన్న చుక్కగా కుదించగలుగుతుంది. అందుకే పొరకు 25 జీబీ పడుతుంది, హెచ్‌డీ డీవీడీలో 15 జీబీయే. నీలి లేజర్‌కు ఒక లోతు కోసం తయారైన లెన్స్‌తో రెండో లోతులో ఫోకస్ కుదరదు (మామూలు డీవీడీలకు ప్లేయర్‌లో వేరే ఎర్ర లేజర్ ఉంటుంది). రెండింటినీ చదివే ప్లేయర్లను ఎల్‌జీ, శాంసంగ్ తెచ్చాయి కానీ అవి నిలవలేదు.

బొమ్మ నాణ్యతలో హెచ్‌డీ డీవీడీని తీసిపారేయకండి. రెండింటిలోనూ 1920×1080 రిజల్యూషనే, వీడియోను కుదించే పద్ధతులూ (కోడెక్‌లు) అవే: ఎంపెగ్-2, వీసీ-1, హెచ్.264. వీడియో గరిష్ఠ బిట్‌రేటు మాత్రం హెచ్‌డీ డీవీడీలో సెకనుకు 29.4 మెగాబిట్లు, బ్లూరేలో 40. మామూలు సినిమాలో ఈ తేడా కంటికి ఆనదు. తెలిసేది ఎక్కువగా శబ్దంలో. చోటు ఎక్కువ కాబట్టి బ్లూరేల్లో కుదించని ఆడియో ట్రాకులు విరివిగా ఇచ్చారు. హెచ్‌డీ డీవీడీకి రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో నిర్ణయించే తాళం) లేకపోవడం మాత్రం నిజంగా మంచి గుణం.

అయినా ఇప్పుడు ప్లేయర్ కొనమని చెప్పను. 2008 జనవరిలో సినిమా సంస్థ వార్నర్ బ్లూరే వైపు వెళ్లిపోయింది, ఫిబ్రవరి 19న ఈ ఫార్మాట్‌ను నడిపించిన తోషిబా హెచ్‌డీ డీవీడీ నుంచి తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. లేజర్ పాడైతే విడిభాగం దొరకడం కష్టం. పైగా డిస్కులే పాడవుతున్నాయి. గీత ఒక్కటీ లేకున్నా సినిమా మధ్యలో ఆగిపోతే లోపలి పొర చెడిందనుకోవచ్చు, తుడిచినా లాభం ఉండదు. బ్లూరేలో రాని సినిమా మీ దగ్గర ఉంటే తప్ప ఈ ఖర్చు వద్దు.

ఒక్క పని చేయండి: డిస్కులను తిప్పి చూడండి. రెండు వైపులా మెరుస్తూ, రాత నడిమి రంధ్రం చుట్టూ మాత్రమే ఉంటే అది కాంబో డిస్కు కావచ్చు. అలాంటిదానికి ఒకవైపు మామూలు డీవీడీ ఉంటుంది. రీజియన్ కుదిరితే ఆ వైపు మీ ప్లేయర్‌లోనే ఆడుతుంది.

ప్రశ్న: 4కే బ్లూరే ప్లేయర్ కొన్నాను. టీవీ కూడా 4కేయే, కానీ హెచ్‌డీఆర్ (వెలుగునీడలను, రంగులను మరింత బాగా చూపే విధానం) రావడం లేదు. సౌండ్‌బార్‌లో డాల్బీ ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గని ఆడియో) కూడా రావడం లేదు.

జవాబు: టీవీ సెట్టింగుల్లో ప్లేయర్ కలిపిన హెచ్‌డీఎంఐ పోర్టుకు ‘ఎన్‌హాన్స్‌డ్’, ‘డీప్ కలర్’ వంటి ఆప్షన్ ఉంటుంది. చాలా టీవీల్లో అది ఆఫ్‌లో వస్తుంది, ఆన్ చేయండి. ఆ పోర్టుకు హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే రక్షణ) ఉందో లేదో చూడండి. లేకపోతే బొమ్మ 1080పీకి పడిపోతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. తెర అప్పుడప్పుడూ మిణుకుమంటే కేబుల్‌ను అనుమానించి, 18 గిగాబిట్ల ప్రీమియం హైస్పీడ్ రకం వాడండి.

శబ్దం టీవీ నుంచి సౌండ్‌బార్‌కు మామూలు ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లో శబ్దాన్ని వెనక్కి పంపే మార్గం) ద్వారా వెళ్తుంటే ట్రూహెచ్‌డీ అందులో పట్టదు. టీవీ, సౌండ్‌బార్ రెండింటికీ దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ ఉండాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు కలపాలి. తర్వాత ప్లేయర్‌లో ఆడియోను ‘బిట్‌స్ట్రీమ్’కు (ట్రాకును విప్పకుండా పంపే పద్ధతి) మార్చి, ‘సెకండరీ ఆడియో’ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే, మెనూ శబ్దాలను కలపడానికి ప్లేయర్ అసలు ట్రాకును విప్పి తక్కువ రకంగా మళ్లీ కుదిస్తుంది. ఎక్కువ మంది మరిచిపోయేది ఈ సెట్టింగునే.

ప్రశ్న: పాత బ్లూరేలు, డీవీడీలు 4కే బ్లూరే ప్లేయర్‌లో ఆడతాయా? పీసీలో, గేమ్ కన్సోల్‌లో 4కే డిస్కు నడుస్తుందా?

జవాబు: పాతవి ఆడతాయి. 4కే డిస్కులకు రీజియన్ లేదు, బ్లూరేలకు ఏ, బీ, సీ రీజియన్లు ఇంకా వర్తిస్తాయి. కన్సోళ్లలో డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నడుపుతాయి, పీఎస్4 ప్రో నడపదు. పీసీలో అధికారిక ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కు ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (ప్రాసెసర్‌లోని భద్రతా సదుపాయం) కావాలి. 11వ తరం నుంచి కోర్ ప్రాసెసర్లలో దాన్ని తీసేశారు కాబట్టి, కొత్త పీసీకి డ్రైవ్ కొనేకంటే విడి ప్లేయరే నయం.